డాక్టరు వచ్చింది

గడ్‌చాందూర్‌లో మా తమ్ముడి కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు, భోజనాల పంక్తిలో నా ఎదురుగా కూర్చున్న ఒక ముసలామె అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది. పళ్ళు దాదాపు అన్నీ పోయాయి. చెవుల గంటీలు మాత్రం అలాగే ఊగుతున్నాయి. మా పాత ఇంటి పక్కింటి లక్ష్మవ్వ అని పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆమెకు పట్టలేదు.

"నువ్వు సరోజవు గాదే? గిన్నెల దుకాణం సేటు బిడ్డవు. మాకు కథలు చదివేదానివి."

"అవునవ్వా, నేనే."

"ఆ డాక్టరమ్మ కథ మధ్యల ఇడిసిపెట్టి చాందాకు పోతివి. ఏమైండ్రే గా ఇద్దరు?"

చాందా అంటే చంద్రపూర్, మహారాష్ట్రలో మా జిల్లా ఊరు. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. నేను కాలేజీ చదువుకని చాందాకు పోయి నలభై ఏళ్ళు దాటింది. ఈ నలభై ఏళ్ళలో లక్ష్మవ్వ కొడుకుల పెళ్ళిళ్ళు చేసింది, భర్తను సాగనంపింది, మనవల పిల్లల్ని ఎత్తుకుంది. అన్నిటి కింద ఎక్కడో ఆ సగం కథను కూడా దాచుకుంది.

"కల్సే ఉన్నరవ్వా," అన్నాను. "ముసలోళ్ళైండ్రు. ఒకామెకు మోకాళ్ళ నొప్పులు, ఇంకొకామెకు షుగరు."

లక్ష్మవ్వ చూపు నా పక్కన కూర్చుని బూరెను అపనమ్మకంగా విరుస్తున్న శైల మీదికి పోయింది. "గీమేనా డాక్టరు?"

"కాదవ్వా, లెక్కల టీచరు."

"ఏదైతేంది తియ్యి. మంచిగుండ్రు గదా," అని లక్ష్మవ్వ మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టింది. శైల మరాఠీ మనిషి. ఇన్నేళ్ళు నాతో ఉన్నా, మా వాళ్ళు తొందరగా మాట్లాడితే ఆమెకు తెలుగు అందదు. మోచేత్తో పొడిచి ఏమంటోందని అడిగింది. ఇంటికి వెళ్ళాక చెబుతానన్నాను. ఒక్క వాక్యంలో చెప్పేది కాదది.

మా పాత ఇంటికి ముందు దుకాణం, వెనక సంసారం. నాన్న స్టీలు, ఇత్తడి గిన్నెలు అమ్మేవాడు. కొన్న గిన్నెల మీద పేర్లు కూడా ఆయనే చెక్కేవాడు. ఆ చిన్న మిషను పొద్దంతా తుమ్మెదలా రొద పెడుతుంటే మా ఇంట్లో అందరం కాస్త గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాం. చుట్టుపక్కల సిమెంటు కంపెనీలు వచ్చాక తులసి ఆకుల మీద తెల్లటి పొడి పేరుకునేది. అమ్మ దాన్ని రోజూ పొద్దున తడిగుడ్డతో, చంటిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేది. అమ్మది ఆదిలాబాద్ వైపు. బడిలో మాకు అంతా మరాఠీయే గనుక తెలుగు అక్షరాలు ఆమే నేర్పింది, పిండి జల్లించిన పళ్ళెంలో వేలితో రాసి. ఇక ఇంటికి అసలు పెద్ద మా మేనత్త. రాజత్త అనేవాళ్ళం. కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, అన్న ఇంట్లో పొయ్యినీ పిల్లల్నీ తన చేతిలోకి తీసుకుంది. ముక్కుపొడి వేసేది. వేసిన ప్రతిసారీ తుమ్ముకు ముందు కళ్ళు మూసుకుని ఏదో పెద్ద నిర్ణయం తీసుకుంటున్నట్టు ఉండేది.

వేసవి మధ్యాహ్నాల్లో భోజనాలయ్యాక వెనక వసారాలో ఆడవాళ్ళు చేరేవాళ్ళు. ఎండు మిరపకాయల తొడిమలు తీయడమో, చింతపండు గింజ తీయడమో, ఏదో ఒక పని. మిరప ఘాటుకు అందరి ముక్కులూ ఎర్రబడేవి. చేతులకు పని ఉంది, చెవులకు లేదు. అందుకని నన్ను కూర్చోబెట్టి కథ చదవమనేవాళ్ళు. పుస్తకాలేమో బడి అల్మారాలోని మరాఠీ నవలలు. వినేవాళ్ళకు మరాఠీ బజారులో బేరమాడేంత వచ్చు, నవల వినేంత రాదు. కాబట్టి నా కళ్ళు మరాఠీలో నడిచేవి, నోరు తెలుగులో నడిచేది. అలా చదువుతున్న నవలల్లో ఒకటి, పట్నం నుంచి పల్లెకు వచ్చిన డాక్టరు కథ. అతను అక్కడి పంతులమ్మను ప్రేమిస్తాడు. ఇలాంటివి అప్పటికే బోలెడు చదివాను. వాటన్నిటిలోనూ నేను పంతులమ్మల కోసం ఎదురుచూసేదాన్ని. వాళ్ళు తలుపు తీసినప్పుడు, జడ వేసుకున్నప్పుడు నా గొంతు దానంతటదే నెమ్మదించేది. బడిలో నా ముందు బెంచీ అమ్మాయి మెడ మీద చెమట చుక్క చూసి పాఠం మరిచిపోయేదాన్ని. దానికి ఒక పేరుంటుందని గానీ, అది మరెవరికైనా జరుగుతుందని గానీ నాకు తెలియదు.

ఆ రోజు డాక్టరు వానలో తడిసి పంతులమ్మ గుమ్మంలోకి వచ్చే ఘట్టం. పుస్తకంలో 'ఆలా' అని ఉంది. అంటే వచ్చిండు. నా నోట్లోంచి మాత్రం "డాక్టరు వచ్చింది" అని వచ్చింది.

మిరపకాయల మీద చేతులు ఆగాయి. "ఏందే, డాక్టరు ఆడామెనా? నిన్నటిదాంక మొగోడుండె గదా!" అంది లక్ష్మవ్వ.

తప్పు చదివానని చెబితే అయిపోయేది. నాలుక మీదికి ఆ మాట వచ్చింది కూడా. కానీ అది బయటికి పోవడం నాకు ఇష్టం లేదు. ఒక్క అక్షరం మారేసరికి ఆ గుమ్మంలో నిలబడింది నేనే అయిపోయాను. నేనేమీ అనకముందే రాజత్త ముక్కుపొడి డబ్బీ మూసి, "ఆడామె అయితే ఏంది? ఆడోళ్ళు డాక్టర్లు గారా? వాన పడుతుంది, ఆమెను లోపలికి రానియ్యి. చదువు బిడ్డా," అంది.

రానిచ్చాను. పంతులమ్మ తువ్వాలు ఇచ్చింది, ఛాయ్ పెట్టింది. ఆ వేసవంతా మా వసారాలో డాక్టరమ్మే వచ్చింది, నవ్వింది, అలిగింది. పుస్తకంలోని మీసాన్ని ముక్కుపుడక చేశాను. సిగరెట్టును తమలపాకు చేశాను. అమ్మ తల వంచుకుని తొడిమలు తీసేది. కానీ పొయ్యి మీద పాలు పొంగుతున్నా కథ మధ్యలోంచి లేచేది కాదు. లక్ష్మవ్వకు ఒకటే బెంగ.

"ఇద్దరాడోళ్ళకు పెండ్లెట్ల చేస్తవే పోరీ? బాసింగం ఎవలకు కడ్తవ్?"

"ఇద్దరికీ కడతది," అంది రాజత్త. "నీకేంది కష్టం? అత్త లేదు, మామ లేడు, తాగొచ్చి కొట్టెటోడు లేడు. గసొంటి ఇల్లు దొరికితే నువ్వు గూడ పోతవ్."

అందరూ పగలబడి నవ్వారు. లక్ష్మవ్వ అందరికన్నా ఎక్కువ నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిరపకాయల వల్లేనని అనుకున్నాను అప్పుడు. ఆ పెళ్ళి ఎలా చేయాలో నేను ఆలోచించుకునేలోపే పరీక్ష ఫలితాలు వచ్చాయి, మేనమామ వచ్చి నన్ను చాందాకు తీసుకుపోయాడు. కథ అక్కడ ఆగింది.

మేనమామ వాళ్ళ ఇల్లు బాబుపేట్‌లో. ఆరేసిన బట్టలు సాయంత్రానికి బొగ్గు నుసితో బూడిద రంగు తేలేవి. ఎండ గురించి చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళో ఎండ నెత్తి మీద ఉండేది, ఇక్కడ గోడల్లోంచి కూడా వచ్చేది. ఆ వేడికి తట్టుకోలేకే కాలేజీ అయ్యాక ఊరి వాచనాలయానికి, అంటే లైబ్రరీకి, పోయి ఫ్యాను కింద కూర్చునేదాన్ని. అక్కడ కుందాతాయి అనే ఆమె పుస్తకాలు ఇచ్చేది. ఇంటి దగ్గర అల్లిక సగంలో ఆపి వచ్చినట్టు ఎప్పుడూ కొంచెం పరాకుగా ఉండేది. ఒకరోజు నేను కథల పుస్తకమేదో తీసి, చివరి కథతో మొదలుపెట్టాను. ఇద్దరు ఆడవాళ్ళు. ఒకే ఇల్లు. వాళ్ళలో ఒకామె రెండో ఆమె నుదుటి మీది జుట్టు వెనక్కి తోస్తుంది. నేను ఏ అక్షరమూ మార్చలేదు. మార్చకుండానే 'ఆలీ' అని ఉంది, వచ్చింది అని. ఎవరో రాశారు, ఎవరో అచ్చు వేశారు, ఆ కాగితాలు ఎక్కడి నుంచో చాందా దాకా ప్రయాణం చేశాయి. నేను లేచి మంచినీళ్ళ కుండ దగ్గరికి పోయి గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగాను. మళ్ళీ వచ్చి చదివాను. నాలుగు పేజీల తర్వాత వాళ్ళలో ఒకామె బావిలో దూకింది.

ఎంత సంతోషం, ఎంత కోపం! ఇంటికి నడిచిపోతూ ఆ రచయితతో దారంతా పోట్లాడాను. అయినా మర్నాడు అదే పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. ఇచ్చి మళ్ళీ తెచ్చుకున్నాను. ఒకసారి వెళితే అది లేదు. తర్వాతా లేదు. అడిగితే కుందాతాయి కళ్ళజోడు పైకి తోసి, "అదొక్కటే పుస్తకమా మా దగ్గర? నువ్వు ఇవ్వడమే ఆలస్యం, ఆ శైల తీసుకుపోతుంది. ఆమె ఇవ్వగానే నువ్వు వస్తావు. మీరిద్దరూ మాట్లాడుకుని ఏదో ఒకటి తేల్చుకోండి," అంది మరాఠీలో, కిటికీ వైపు చూపిస్తూ.

కిటికీ దగ్గర ఎత్తుగా, ఎముకలు కనిపించేలా ఉన్న ఒక అమ్మాయి ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నమస్కారం లేదు, పేరు లేదు. ఆమె తల ఎత్తి, "నువ్వు కూడా చివరి కథేనా?" అంది. అవునన్నాను.

"లెక్క సరిపోవడం లేదు. ఎన్నిసార్లు చదివినా ఆమె చావడానికి ఒక్క కారణం దొరకలేదు. వంట బాగా చేస్తుంది, జీతం ఉంది, ప్రేమించే మనిషి ఉంది. ఎందుకు దూకింది?"

"దూకకపోతే అచ్చు వెయ్యరేమో," అన్నాను.

శైల పుస్తకం మూసింది. "అయితే దూకని వాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు. వెతుకుదాం," అంది. మా పరిచయం అంతే. ఆ 'వెతుకుదాం'లోనే మిగతావన్నీ జరిగాయి.

వెతికాం. నాగపూర్‌లో పని పడితే చాలు, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల ముందు మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. మా ఇంగ్లీషు అంతంత మాత్రం. పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఆమె ఒక పేజీ, నేను ఒక పేజీ. పేలవమైన బొమ్మలున్న అట్టల వెనక మా వాళ్ళు దాక్కునేవాళ్ళు. ఒకటి హిందీ కవితలు, అందులో 'ఆమె' 'ఆమె'కు నిమ్మకాయ ఊరగాయ పంపిస్తుంది, అంతే, అంతకన్నా ఏమీ చెప్పదు, మేం ఇద్దరం రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. ఒకటి దెయ్యం కథ. చచ్చిపోయినామె ప్రియురాలి కోసం తిరిగొచ్చి గిన్నెలు తోముతుంది. భయపడాల్సిన చోట నేను కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. మగవాళ్ళే లేని గ్రహం గురించి ఒకటి. అక్కడ పిల్లలెలా పుడతారో రచయిత్రి చెప్పలేదని శైలకు ఇప్పటికీ ఫిర్యాదు. ఒక ముసలామె ఆత్మకథ, అబద్ధం ఒక్కటీ లేనిది. దొరికిన వాటిలో సగానికి సగం చావులే. బావి, నిద్రమాత్రలు, రైలు, క్షయ. రానురాను మేం పుస్తకం కొనేముందు చివరి పేజీ తిరగేసి చూడటం నేర్చుకున్నాం.

అప్పుడు దొరికింది డిటెక్టివ్ నవల. ముందు పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. అందులో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె హంతకులను పట్టుకుంటుంది, రెండో ఆమె బేకరీ నడుపుతుంది. పుస్తకమంతా ఎవరు చంపారా అని కాక, వీళ్ళలో ఎవరు చస్తారా అని ఊపిరి బిగబట్టి చదివాం. ఎవరూ చావలేదు! హంతకుడు దొరికాడు, వాళ్ళిద్దరూ ఇంటికి వచ్చారు, కిటికీ ఎవరు మూయలేదని పోట్లాడుకున్నారు, నిద్రపోయారు. పుస్తకం అయిపోయింది. శైల వాచనాలయం మెట్ల మీద నిలబడి ఈల వేసింది. లెక్కల్లో బంగారు పతకం వచ్చినప్పుడు కూడా ఆమె అలా వేయలేదు.

తెలుగులో దొరకడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఒక సంకలనంలో చిన్న కథ. నా తెలుగు చదువు పిండి పళ్ళెంలో నేర్చుకున్నది, గుణింతం కూడబలుక్కుంటూ పోవాలి. మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లో అన్నీ చదివేశాననుకున్న నాకు, "ఆమె వచ్చింది. తలుపు దగ్గరే ఆగి నన్ను చూసింది" అనే రెండు వాక్యాలకు ఒళ్ళు జలదరించింది. అవి కళ్ళతో చదివినవి కావు. అమ్మ మాట్లాడిన భాషలో, అత్త తిట్టిన భాషలో, ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు.

ఈ లోపల పెళ్ళి మాటలు రాకుండా ఉంటాయా! ఉద్యోగం వచ్చింది, శైలా నేనూ ఒకే బడిలో పంతులమ్మలం అయ్యాం, బాబుపేట్‌లోనే రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. నాన్న ఆసిఫాబాద్ సంబంధం ఒకటి తెచ్చాడు. చేసుకోనన్నాను. ఎందుకని అడిగితే, శైలతో ఉంటానన్నాను, ఎప్పటికీ. దాచి చెప్పడం నాకు చేతకాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న మా గదికి వచ్చాడు. వెనకే రాజత్త, గవర్నమెంటు బస్సులో ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుని. నాన్న కూర్చోలేదు.

"జనం ఏమంటరే? నేను దుకాణంల ఎట్ల కూసోవాలె?"

నాకంటే ముందు రాజత్త మాట్లాడింది. "జనం నన్నేమన్నరన్నా, నేను ఇంటికొచ్చిననాడు? మొగుని మింగింది అన్నరు. నువ్వు దుకాణం మూసినవా? మూయలే. చెల్లెకు ఇంత అన్నం పెట్టి, నోరు మూసుకోండ్రి అన్నవ్. గప్పుడున్న గుండె గిప్పుడేడవాయె?"

నాన్న గోడ వైపు తిరిగాడు. "గది వేరు, గిది వేరు."

"ఏం వేరు లేదు. నేను నా ఉమ్మరంతా ఇంకొకళ్ళ కథ ఇనుకుంట ఎల్లదీసిన. ఈ పిల్లకు తన కథ తనకు దొరికింది. దానికి అడ్డం రాకు."

నాన్న ఏమీ తినకుండా వెళ్ళిపోయాడు. చాలా రోజులు ఆయన నుంచి మాట లేదు. అమ్మ మాత్రం ఎవరైనా వస్తుంటే పచ్చడి పంపేది, శైల కారం తినలేదని విడిగా చిన్న సీసాలో. తర్వాత ఒక సాయంత్రం ఆటో ఒకటి మా ఇంటి ముందు ఆగింది. దాంట్లోంచి పెద్ద ఇనప పెట్టె దింపారు. తెరిస్తే గిన్నెలు. పళ్ళాలు, చెంబులు, డబ్బాలు, గరిటెలు, కాపురానికి పోయే కూతురికి ఏమేం ఇస్తారో అవన్నీ. ఒక పళ్ళెం ఎత్తి వెలుగులో పట్టుకున్నాను. అంచు మీద నాన్న చేతి చెక్కుడు, నాకు తెలిసిన ఆ వంకర అక్షరాలు, మరాఠీ లిపిలో: సరోజ – శైల. ప్రతి గిన్నె మీదా. చెంచాల మీద చోటు చాలక పొడి అక్షరాలే పెట్టాడు. ఎన్ని రోజులు ఆ మిషను ముందు కూర్చున్నాడో, దుకాణానికి వచ్చినవాళ్ళు ఎవరివి ఈ పేర్లు అని అడిగితే ఏం చెప్పాడో, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. నేను పెట్టె పక్కనే నేల మీద కూర్చుని ఏడుస్తుంటే, శైల ఒక్కొక్క గిన్నె తీసి, ఆ పేర్లు పైకి చదివి, అల్మారాలో పెట్టింది. ఇంటి గోడలు వినేంత గట్టిగా చదివింది.

ఇప్పుడు మా ఇంటికి ఆదివారం మధ్యాహ్నాలు కొందరు వస్తారు. ఆసుపత్రి నర్సు ఒకామె, కాలేజీ పిల్లలు, కోర్పనా దగ్గరి పల్లె నుంచి మంజుల అనే పత్తి రైతు కోడలు. భర్తకు చెప్పే వస్తుంది, ఏం చదువుతుందో మాత్రం చెప్పదు. చదివినవి చెప్పుకుంటాం. చదవడం రానివాళ్ళకు ఒకరు చదివి వినిపిస్తారు, ఎందుకంటే ఇలా వచ్చే పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు గానీ చదివేవాళ్ళు తక్కువ. ఫోన్లో దొరికేవి, పోస్టులో వచ్చేవి, ఎన్ని రకాలో. వంటల పుస్తకం ముసుగులో ప్రేమకథ, బొమ్మల కథ, రాజుల కాలం నాటి యుద్ధం. ఒకరు చదివింది ఇంకొకరు చదవకుండానే వారం గడిచిపోతుంది.

మొన్నటి ఆదివారం స్నేహ అనే పిల్ల నేనిచ్చిన నవల తిరిగి తెచ్చింది. నాకు చాలా ఇష్టమైన నవల. దాన్ని టేబుల్ మీద దాదాపు పడేసినట్టు పెట్టి, "ఆజీ, మస్తు కంటాళా వచ్చింది," అంది. అవ్వా, చాలా విసుగొచ్చిందని.

"ఏందే, ఏం నచ్చలే?"

"ఇద్దరూ వాన చూసుకుంట కూసుంటరు. పేజీలకు పేజీలు. ఒక్కతి గూడ లేచి ఒక్క పని చెయ్యది. ప్రేమిస్తే ప్రేమించమను, లేకుంటే గొడుగు తీసుకొని ఇంటికి పొమ్మను."

శైల ఆ నవల పక్షాన లేచింది. వాన గురించిన ఆ పేజీలే పుస్తకానికి ప్రాణమని మరాఠీలో వాదించింది. నర్సు స్నేహ వైపు చేరింది. మంజుల, తనకు ఒక్క పుటకే నిద్ర వచ్చిందని నిజం చెప్పేసింది. ఛాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిన నేను, స్టవ్ ముందు నిలబడి ఆ గొడవ వింటూ, ఒంటరిగా నవ్వుకున్నాను. మా రోజుల్లో మాకు ఒక పుస్తకం నచ్చకపోయే వీలే లేదు. ఆకలి మీద ఉన్నవాడు ఉప్పు చూడడు. బావిలో దూకినామెను కూడా గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చుకున్నాం, ఎందుకంటే ఆమె తప్ప ఎవరూ లేరు. ఈ పిల్లకు మా వాళ్ళ కథ విసుగు పుట్టించింది! అంతకన్నా పెద్ద గెలుపు నేను ఊహించుకోలేను. నేను ఛాయ్ తెచ్చి ఇచ్చి, "సరే, నచ్చకుంటే ఇడిసెయ్యి. వేరేది తీస్కో," అని పుస్తకాల బీరువా చూపించాను. స్నేహ వెళ్ళి ఒక్కొక్కటే బయటికి తీసింది. వెనక అట్ట చదివింది, పెదవి విరిచింది, లోపల పెట్టింది. ఇంకోటి తీసింది. ఏ తొందరా లేకుండా, చీరల దుకాణంలో నిలబడ్డ పెద్దింటి కోడలిలా, ఆ సాయంత్రమంతా ఎంచుకుంటూనే ఉంది.